కెజియాతో అడవికి

"లండన్ నుంచి ఉత్తరం వచ్చిందిగా. విప్పవేం?" అంది డోర్కస్, వెన్న చిలుకుతూ.

ఎనాక్ పాస్‌మోర్ ఉత్తరాన్ని వేళ్లతో ఒకసారి తడిమి కోటు జేబులో పెట్టుకున్నాడు. "కెజియా ఇంట్లో విప్పుతాలే. జవాబు రాసిపెట్టేది ఆమే కదా."

కవ్వం ఆగిపోయింది. ఇరవై రెండేళ్లుగా లండన్ ఉత్తరం ఏదొచ్చినా ఈ వంటింటి బల్ల మీదే విప్పేవాడు. రాజుగారి తోటలో ఏ మొక్క బతికింది, దేనికి ఏం పేరు పెట్టారు, అన్నీ గట్టిగా చదివి వినిపించేవాడు. అప్పట్లో డోర్కస్ సగం వినేది కాదు. ఇప్పుడు వినాలనుంది, చదివేవాడు లేడు.

ఎనాక్ మొక్కల మనిషి. పెన్సిల్వేనియాలో బ్రాందీవైన్ ఏటి పొడుగునా అడవులు గాలించి, పేరు కూడా లేని మొక్కలు పట్టుకొచ్చి, ఆకులు కాగితాల మధ్య ఆరబెట్టి, విత్తనాలు పెట్టెలకెత్తి ఓడల మీద పంపేవాడు. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమెనూ అడవికి రమ్మన్నాడు. "ఆవుల పాలు నువ్వొచ్చి పిండుతావా?" అని కసిరింది. మళ్లీ పిలవలేదు.

కెజియా బడిపంతులుగారి భార్య. ఆయన పోయాక ఏటి మలుపు దగ్గర చిన్న ఇంట్లో ఒంటరిగా ఉంటోంది. లాటిన్ వచ్చు. రాస్తే ముత్యాలు పేర్చినట్టుంటుంది. పోయిన ఆకురాలు కాలం నుంచి ఎనాక్ కాగితాలన్నీ ఆమె బల్ల మీదికి చేరాయి. మంచు కరిగాక ఇద్దరూ కలిసి అడవికే బయల్దేరుతున్నారు.

ఆ ఆదివారం ప్రార్థన ముగిసి అందరూ బయటికి వస్తుంటే, పక్క పొలం మెహిటబెల్ చెయ్యి పట్టుకుని ఆపింది.

"డోర్కస్, మీ ఆయన కొత్త మొక్క కనిపెట్టాడటగా? తెల్లటోపీ పెట్టుకుంటుందట, లాటిన్ మాట్లాడుతుందట!"

"నోరు అదుపులో పెట్టుకో."

"నేనన్నానా? ఊరంటోంది. కళ్లెం వదిలేసినా మీ గుర్రం తిన్నగా ఆ గుమ్మంలోకే పోయి ఆగుతోందట తల్లీ!"

డోర్కస్ చెయ్యి విడిపించుకుంది. ఇంటిదాకా ఆ గుర్రపు డెక్కలే గుండెల మీద తొక్కుతున్నట్టు నడిచింది.

ఆ సాయంత్రం పెట్టె అడుగు నుంచి పెళ్లినాటి నీలం గౌను తీసి వేసుకుంది. నడుము దగ్గర బిగుతైనా ఊపిరి బిగబట్టి మడతలు సర్దుకుని, బల్లకి అవతల అతనికి ఎదురుగా కూర్చుంది. ఎనాక్ సూపు తాగాడు. బఠాణీలు బాగా ఉడికాయన్నాడు.

"రేపు నేనూ వస్తా అడవికి," అందామె ఉన్నట్టుండి.

అతను చెంచా పక్కన పెట్టాడు. "వద్దు. అంతా రాళ్లదారి."

"కెజియా కాళ్లకి గుచ్చుకోని రాళ్లు నా కాళ్లకే గుచ్చుకుంటాయా?"

"ఆమెకి పని తెలుసు."

"అవును మరి! నాకేం తెలుసు, పాలు పిండటం తప్ప!"

అతను గొంతు తగ్గించి అన్నాడు. "పోయినేడు కాలు బెణికితే అడవికి పోకుండా నెల్లాళ్లు నా బూట్లు దాచేశావు, గుర్తుందా? నీకు నా మీద బెంగ, నాకు తెలుసు. కానీ ఇది లేకపోతే నేను బతకను డోర్కస్. నన్ను పోనీ."

ఇది లేకపోతే! ఆమె లేకపోతే అనడానికి నోరు రాక అలా అన్నాడనుకుంది డోర్కస్. ఆ రాత్రి గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున్న అతను గుర్రమెక్కి వెళ్లగానే, పాలు పిండకుండానే బయల్దేరింది. ఆవులు వెనక నుంచి అరుస్తూనే ఉన్నాయి. ఏటి మలుపు దగ్గర గుర్రం ఖాళీగా మేస్తోంది. బురదలో రెండు జతల అడుగులు, పక్కపక్కనే, అడవిలోకి.

కొంతదూరం పోయాక కనిపించారు. కెజియా అతని చెయ్యి పట్టుకుని వాగులో రాళ్ల మీదుగా దాటిస్తోంది. అవతలి గట్టున పడిపోయిన మాను మీద ఇద్దరూ ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఆమె ఒక కొమ్మ విరిచి, ఆకు నలిపి అతని ముక్కు దగ్గర పెట్టింది. అతను ఇంకో ఆకు అందుకుని అంచుని పెదాలకి తాకించుకున్నాడు.

"మెత్తటి నూగుంది. అడుగున తెలుపా?"

"వెండి తెలుపు."

"పువ్వో?"

"అయిదు రేకులు. గులాబీ... కాదు, గవ్వ లోపలి రంగు."

"ఇది మనం ఎప్పుడూ పంపనిది కెజియా! రాసుకో, రాసుకో!" పసివాడిలా నవ్వాడు ఎనాక్.

పువ్వు అతని కళ్లెదుటే ఉంది. అయినా ఆమె నోట వింటేనే ముద్దు కాబోలు! డోర్కస్‌కి ఒళ్లు భగ్గుమంది. ఆ నవ్వు ఇంట్లో చూసి ఏడాదైంది. ఆ రాళ్ల మీద దాటించే చెయ్యి తనదై ఉండాలి. ఆ రంగులు చెప్పే నోరు తనదై ఉండాలి. పిలిచిన రోజున వెళ్లనందుకు తనని తాను తిట్టుకుంటూ, పిలవని చోటికి వచ్చినందుకు ఏడుస్తూ, గౌను తడుస్తున్నా చూసుకోకుండా వాగు దాటేసింది.

కెజియా తలెత్తి చూసింది. ముఖం పాలిపోయింది. చేతిలోని కాగితాలు జారిపోయాయి.

డోర్కస్ తిన్నగా వెళ్లి ఎనాక్ ముందు మూరెడు దూరంలో నిలబడింది. పొద్దు నిండుగా ఆమె మీద పడుతోంది. దారంతా కూడబెట్టుకున్న తిట్లకి నోరు తెరిచింది. అలికిడికి ఎనాక్ తల తిప్పాడు. తత్తరపడలేదు. కెజియా పక్క నుంచి జరగలేదు. పెదాల మీది నవ్వు కూడా చెదరలేదు. సిగ్గయినా లేదా ఈ మనిషికి!

అతను డోర్కస్ ముఖంలోకే చూస్తూ, "ఎవరో వచ్చినట్టున్నారు... ఎవరు కెజియా?" అన్నాడు.