కొంగగారి నివేదిక

నేను కొంగని. ఒంటికాలి మీద నిలబడి లోతుగా ఆలోచిస్తున్నట్టు కనబడటం నా వృత్తి. అది చూసే కాబోలు, సరస్సు పక్షులు నాకు పది గంపల ధాన్యం అప్పగించి, యుద్ధంలో చితికిపోయిన అడవిని నిలబెట్టి రమ్మన్నాయి.

తోడేళ్ళూ అడవికుక్కలూ మూడేళ్ళు కొట్టుకున్న అడవి అది. తూర్పున ఉడత దాచిన కాయలు పురుగుపడుతున్నాయి. పడమట కుందేలు పిల్లలు ఆకలితో ఉన్నాయి. కబురు అందితే చాలు, వ్యాపారం దానంతటదే పుంజుకుంటుందని తేల్చేశాను. ధాన్యమంతా వడ్రంగిపిట్టలకు జీతంగా పోసి, బోలు మానుకొకదాన్ని కూర్చోబెట్టాను. మాను కింద నిలబడి ఎవరు కేకేసినా, పిట్టలు టకటకమని పొడుస్తూ ఆ కబురు అడవి చివరిదాకా చేరవేస్తాయి.

నెల గడిచింది. ఒక్క కేకా వినబడలేదు.

చివరికి కుందేలు పొదలోంచి పాక్కుంటూ వచ్చి నా చెవిలో గుసగుసలాడింది. "అయ్యా, యుద్ధంలో గొంతెత్తినవాళ్ళెవరూ మిగల్లేదండీ. మిగిలినవాళ్ళమంతా నోరు మూసుకుని బతికినవాళ్ళమే."

"ఆ ముక్క మొదట్లోనే చెప్పొచ్చుగా? పని మొదలెట్టేముందు అందర్నీ అడిగాను."

"అడిగారండీ. అభ్యంతరం ఉన్నవాళ్ళని గట్టిగా అరవమన్నారు."

వెళ్తూ వెళ్తూ, పిల్లలకి గుప్పెడు గింజలేమైనా మిగిలాయా అని అడిగింది. మిగల్లేదు.

ఆ సాయంత్రమే సరస్సుకు నివేదిక పంపాను. కబుర్ల ఏర్పాటు అడవంతా పూర్తయిందనీ, ఎక్కడా రద్దీ లేదనీ, ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా వినబడలేదనీ రాశాను.