పది సెకన్ల వెలుగు

"అమ్మా, ఆ గోడకి ఆనుకోకు. ఇసుక రాలి లెన్స్ మీద పడితే ఇంకంతే."

"జరగడానికి చోటెక్కడుందే? చేతులు చాపితే రెండు గోడలూ తగులుతున్నాయి," అంది ప్రమోద, అయినా కాస్త జరుగుతూ.

తలెత్తి చూసింది. ఎర్రరాతి గోడలు మెలికలు తిరుగుతూ పైకి పోయాయి. వాటి మధ్య ఆకాశం రిబ్బను ముక్కంత కనిపిస్తోంది. ప్రతి జూన్‌లో ఫ్రీమాంట్ నుంచి రెండురోజులు డ్రైవ్ చేసి ఆవిడ భర్త దక్షిణామూర్తి ఈ అరిజోనా ఎడారికి వచ్చేవాడు. ఎనిమిదో ఏటి నుంచి కూతురు రేణు ఆయన వెంట లోయలోకి దిగేది. ప్రమోద మాత్రం మోటెల్లో టీవీ చూస్తూ కూర్చునేది. ఇరుకు చోట్లంటే ఆవిడకి భయం. ఆయన పోయి మూడు నెలలయింది. ఆవిడ ఇందులో అడుగుపెట్టడం ఇదే మొదలు.

"ఇంకా ఎంతసేపు?"

"పది నిమిషాలు. పన్నెండింటికి పైనుంచి ఎండ స్ట్రెయిట్‌గా దిగుతుంది. నాలుగు నిమిషాలుంటుంది, దట్స్ ఇట్."

"ఎన్ని తీస్తావు?"

"ఒక్కటే. నాన్న ఫిల్మ్ రోల్‌లో ఒక్కటే మిగిలింది."

పోయినసారి అంతా సిద్ధం చేసుకున్నాక మబ్బు పట్టింది. ఎక్కడో వాన పడితే ఇక్కడ వరదొస్తుందని, జీపులో తీసుకొచ్చిన నవహో తెగ పెద్దాయన తండ్రీకూతుళ్ళిద్దర్నీ హడావిడిగా పైకి లాగాడు. ఆ ఒక్క ఫోటోకి సరిపడే ఫిల్మ్ అలాగే కెమెరాలో ఉండిపోయింది.

"పది సెకన్లు షటర్ తెరిచి ఉంచాలమ్మా. ఈ చీకట్లో వాచీ కనబడదు. నాన్న లెక్కపెట్టేవారు, నేను బటన్ పట్టుకునేదాన్ని."

"ఆ లెక్క నేను పెడతాలే."

"వద్దు. నీది చాలా ఫాస్ట్."

"మీ నాన్నదో లెక్క! లాభం, రెండు, మూడు అంటూ ధాన్యం కొలిచినట్టు."

రేణు పెదవుల మీదికి చిన్న నవ్వొచ్చింది. వసుమతి ఆంటీ ఆదివారం తెలుగు క్లాసులో తను "ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది" అని చదివితే పిల్లలంతా పగలబడి నవ్వారు. ఇంటికొచ్చి తండ్రి మీద విరుచుకుపడింది. ఆయన తాపీగా చెప్పాడు. వాళ్ళ తాతగారు కొలిచేటప్పుడు ఒకటిని లాభం అనేవారట. ఆరు తర్వాతి అంకెని అసలు పేరు పెట్టి పిలిచేవారు కాదట. పిలిస్తే ఎదుటివాళ్ళని శోకం పెట్టమన్నట్టేనట.

"బట్ నాన్నా, ఇక్కడ ధాన్యం ఎవరు కొలుస్తున్నారు?"

"వెలుగు కొలుస్తున్నాం కదే," అన్నాడాయన.

ప్రమోద కూతురి నవ్వు చూసింది. ధైర్యం చేసి అంది. "రేణూ, ఒక్కసారి లోపలున్నదంతా బయటపెట్టేసుకోవే."

"అయామ్ ఫైన్, అమ్మా."

ఫైన్ కాదని తల్లికి తెలుసు. మార్చిలో ఆస్పత్రి కాగితాలు, ఫోన్లు, దహనం ఏర్పాట్లు, అన్నీ పంతొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతే చూసుకుంది. కంట తడి లేదు. "అమెరికాలో పుట్టిన పిల్ల కదా," అంది స్నేహితురాలు శాంతి, పరామర్శకొచ్చి. ఆ మాట ప్రమోదకి ముల్లులా గుచ్చుకుంది. అంతకంటే భయమేసింది. పిల్ల అన్నం సరిగా తినడం లేదు. కాలేజీ మానేసింది. ఇలాగే బిగుసుకుపోతే తనకి మిగిలిన ఈ ఒక్కతీ ఏమైపోతుందోనని ఆవిడ బెంగ.

"నాన్నకి నచ్చదమ్మా," అంది రేణు, కెమెరాలోంచి చూస్తూనే. "నా తొమ్మిదో ఏట ఇక్కడే, ఆ మలుపు దగ్గర పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. నాన్న కట్టుకట్టి ఒకటే అన్నారు. కెమెరా వెనకున్నవాళ్ళ కళ్ళు పొడిగా ఉండాలి అని. నేను ప్రామిస్ చేశాను."

ప్రమోదకి ఆస్పత్రి గది గుర్తొచ్చింది. చివరి వారంలో ఓ రోజు ఆయన, మంచం పక్కన నిటారుగా నిలబడ్డ కూతుర్ని చాలాసేపు చూశాడు. మర్నాడు టేప్ రికార్డర్ తెమ్మన్నాడు. అందర్నీ గదిలోంచి పంపేసి తలుపు వేయించుకున్నాడు.

ఆ క్యాసెట్ ఇప్పుడు రేణు చేతిలో ఉంది. పైన వంకర అక్షరాలతో, "రేణుకి. లెక్క. లోయలో మాత్రమే వినాలి." మూడు నెలలూ దాన్ని ముట్టుకోలేదు. ఆ గొంతు వినాలంటే భయమని ఎవరికీ చెప్పలేదు.

"అమ్మా, వచ్చేసింది."

పైనుంచి ఎండ సన్నటి ధారలా దిగి ఇసుక మీద నిలబడింది. ఎర్రగోడలు లోపల దీపం పెట్టినట్టు వెలిగాయి. ఆయన ఏటా దేనికోసం వచ్చేవాడో ఇన్నేళ్ళకి ప్రమోదకి తెలిసింది. పక్కన ఆయన లేడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేణు క్యాసెట్‌ని టేప్ రికార్డర్‌లో పెట్టి మీట నొక్కింది.

"ట్రైపాడ్ గట్టిగా ఉందా?" ఆయాసంతో ఆగి ఆగి వచ్చింది గొంతు. "లెన్స్ తుడిచావా? సరే. ఇక ఊపిరి బిగబట్టు. నొక్కు."

రేణు షటర్ బటన్ నొక్కి పట్టుకుంది. బొటనవేలు తెల్లబడింది.

"లాభం… రెండు… మూడు…"

గోడలు ఆ గొంతుని మెల్లగా తిప్పి పంపాయి. రేణు రెప్ప వేయలేదు.

"నాలుగు… అయిదు… ఆరు…"

టేప్ ఒక్క క్షణం ఖాళీగా తిరిగింది. తర్వాత రావాల్సిన మాట కోసం తల్లీ కూతుళ్ళ పెదవులు కలిసే కదిలాయి, ఆరున్నొక్కటి అని.

"ఏడు, తల్లీ."