పడమటి గుమ్మం

కాకినాడలో ఇప్పుడు ఏ కెమెరాతో తీసినా ఇల్లు తూర్పు ముఖంగానే పడుతుంది. జనానికి కావలసింది అదే గనక, కంపెనీలు వాస్తును కెమెరాలోనే పెట్టేశాయి. ఇళ్లు అమ్మిపెట్టే అమ్మాజీకి ఇన్నాళ్లూ అది వరమే. పడమటి గుమ్మమే కావాలంటూ చిట్టిబాబు వచ్చాక చిక్కొచ్చిపడింది.

"మా ఆవిడ జాతకానికి పడమరే కలిసొస్తుందటండి. ఫొటో చూడందే ఆవిడ ఊఁ అనదు" అన్నాడాయన.

రామారావుపేటలో అలాంటి ఇల్లొకటి అమ్మాజీ చేతిలో రెండేళ్లుగా మూలుగుతోంది. ఫొటో తీస్తే మాత్రం తూర్పుకు తిరిగిపోతుంది. ఆమె కెమెరాల కొట్టుకు పరుగెత్తింది.

"ఇది గోడల మురికి కడుగుతుందమ్మా. ఇదైతే పక్కింటిని చెరిపేస్తుంది" అని కొట్టు యజమాని జిలానీ ఒక్కొక్కటే చూపించాడు.

"ఉన్నదున్నట్టు తీసేది లేదా?"

"అలాంటివి ఎవరు కొంటారమ్మా? తయారుచేయడమే మానేశారు."

అమ్మాజీ వెనుదిరగబోయి ఆగింది. "పోనీ, ఫొటో మూలన టైము వేసేదుందా?"

దుమ్ము పట్టిన పాతదొకటి దొరికింది. ఆ సాయంత్రమే వెళ్లి, ఎండ గుమ్మంలోకి నిండుగా పడుతుండగా ఫొటో తీసి చిట్టిబాబుకు పంపింది. ఫొటో కింద 'తూర్పు ముఖం' అని ఆ పాత కెమెరా కూడా తనంతట తానే రాసుకుంది.

"ఇది తూర్పేగా!" అని చిట్టిబాబు ఉసూరుమన్నాడు.

ఆయన భార్య ఫోను లాక్కుని మూలన ఉన్న అంకెలు చూసి నవ్వేసింది.

"అబద్ధమైనా అతికినట్టుండాలండీ. సాయంత్రం ఐదుంపావుకి తూర్పు గుమ్మంలోకి ఎండెలా వస్తుంది? ఇల్లు ఖాయం చేసేయండి!"