ఉత్త పూసల గీత

ఫిల్మ్ మీద నల్లగీత రాకూడని చోట వచ్చింది.

కణంలో కబురు మోసే ప్రోటీన్‌ను ఇసుక రేణువుల్లాంటి పూసలకు అంటించి, కణాల రసంలో ముంచి తీస్తే దాని జోడీ ప్రోటీన్ పట్టుబడి, ఫిల్మ్ మీద నల్లగీతగా కనిపించాలి. పట్టుబడింది. ఏమీ అంటించని ఉత్త పూసలకూ అంతే నల్లగా పట్టుబడింది. అంటే జోడీ లేదు, పాడూ లేదు. అంతా పూసల జిగట.

"సార్, ఈ రెండు ప్రోటీన్లూ అసలు కలవట్లేదండీ. ఉత్త పూసలకి కూడా అతుక్కుంటోంది."

ప్రొఫెసర్ టీ చప్పరిస్తూనే చూశారు. "ఆ చివర కత్తిరించెయ్యమ్మా. మిగతాది బ్రహ్మాండంగా ఉంది."

ఛీ! ఆయన ముఖం చూడలేక గోడవైపు తిరిగాను. ఆయనకు పేరు తెచ్చిన పాత ఫిల్మ్ అద్దాల చట్రంలో ఉంది. ఉత్త పూసల గీత ఉండాల్సిన అంచు అందులోనూ కోసేసి ఉంది.

జబ్బుకు మూలమన్న ఆ జోడీని విడగొడుతుందని ఆయన కనిపెట్టిన మాత్రను, పొద్దున్నే నా చేత్తో అమ్మ నోట్లో వేసి వచ్చాను.