గుంటలో పారబోసిన సారా

ఇప్పసారా అమ్మినా, ఎవరికైనా పోసినా నేరమని అడవిలో చట్టం వచ్చిన రోజు కాపలా ముంగిస సంబరపడింది. ఇక తమ్ముడు తాగుడు మానేస్తాడు కదా! ముప్పై వారాల్లో ఎలుగుబంటి కాచిన కుండలు రెండొందల పది పట్టుకుంది. నిబంధన ప్రకారం పట్టుకున్నవన్నీ ప్రతి మంగళవారం సాక్షుల ముందే వాగు పక్క గుంటలో పారబోసింది. నడుం పడిపోయింది గానీ కుండలు తగ్గలేదు.

ఈ మంగళవారం గుంట దగ్గర తమ్ముడే తూలుతూ కనిపించాడు.

"ఎవడు పోశాడ్రా నీకు? చెప్పు, ఇప్పుడే కట్టేస్తాను!"

"నువ్వే అన్నా. ఎలుగు మామ ముంతకో తేనెపట్టు తెమ్మంటాడు. నీ గుంటలో ఊరికే. రోజు మాత్రం మార్చకు, అడవంతా మంగళవారమే వస్తుంది."

ముంగిస సాక్షుల వంక చూసింది. వాళ్ల మూతులూ తడిగానే ఉన్నాయి. మెల్లగా కూలబడి, తాడు తమ్ముడి చేతికిచ్చి, తన ముందుకాళ్లు రెండూ చాపింది.