పంచులు దొరకని సోదా

"డిక్కీ సూడాలె," అన్నాడు కానిస్టేబుల్, లహరి స్కూటీ తాళం లాక్కొని.

నాందేడ్‌లోని దెగ్లూర్ నాకా దగ్గర బళ్ళన్నీ దర్జాగా పోతున్నాయి. ఆపింది ఆమె ఒక్కదాన్నే. లైసెన్సు, బండి కాగితాలు చూపిస్తే ఆయన వాటి వంకైనా చూడలేదు. చొక్కా మీద దేవిదాస్ అని పేరుంది. డిక్కీలో రెయిన్‌కోటు తప్ప ఏమీ లేదు.

"ఇగ సంచిల ఉన్న ల్యాప్‌టాప్ తియ్యి. పాస్‌వర్డ్ కొట్టు."

లహరి సంచి మీద చెయ్యేసుకుంది. భుజాన ఉన్న సంచి జిప్పు కూడా తీయలేదు. అందులో ల్యాప్‌టాప్ ఉందని ఈయనకెలా తెలుసు?

అందులో దొంగసొత్తేమీ లేదు. పెళ్ళాడబోయే నితీశ్‌తో దిగిన ఫోటోలు, అర్ధరాత్రుళ్ళు రాసుకున్న మాటలు, ఇంకాసేపట్లో రిజిస్ట్రారు ఆఫీసులో ఇవ్వాల్సిన పెళ్ళి నోటీసు ఉన్నాయి. రైల్వేలో పనిచేసే నాన్న జగదీశ్వర్‌కు వీటిలో ఏ ఒక్కటి తెలిసినా ఈ పెళ్ళి ఇక జరగదు. నాన్నకు పోలీసుల్లో దోస్తులున్నారు. ఆయనే పంపి ఉంటాడు.

అయినా లా చదువుతున్న పిల్ల. వెనక్కి తగ్గలేదు.

"బండి కాయితాలు అడిగిండ్రు, సూపిచ్చిన. ల్యాప్‌టాప్ సోదా వేరే సంగతి. నా మీద కేసేమున్నది?"

"తక్రార్ అచ్చింది నీ మీద."

"ఎవరిచ్చిండ్రు ఆ ఫిర్యాదు?"

దేవిదాస్ సంచి వైపు చెయ్యి చాచాడు. "మెసేజులు సూసి ఇచ్చేస్త. అంతా సాఫ్ ఉంటె భయమెందుకు?"

"భయం గాదు, కాయిదా, చట్టం." లహరి నలుగురికీ వినపడేలా గొంతు పెంచింది. "సోదా ఎందుకు జేస్తుండ్రో రాసియ్యుండ్రి. ఇద్దరు పంచులను పిలువుండ్రి. మొదటి నుంచి ఆఖరు దాక వీడియో తియ్యుండ్రి. అప్పుడు తెరుస్త."

పంచులంటే సోదాకు సాక్షులు. ఆ మాట చెవిన పడ్డదో లేదో, పక్కనున్న చాయ్ హోటల్ బల్లలు ఖాళీ అయ్యాయి. చేతిలో చాయ్ వదిలేసి మరీ లేచారు జనం. ఒకసారి పంచుగా సంతకం పెట్టినవాడు ఎన్నేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతాడో నాందేడ్‌లో తెలియనిదెవరికి? దేవిదాస్ "ఓ భావూ, ఓ అన్నా" అని పిలిచిన కొద్దీ వాళ్ళ అడుగులు జోరందుకున్నాయి. అంత భయంలోనూ లహరికి నవ్వొచ్చింది.

"ఏం పోరివే నువ్వు," అని గొణుక్కుంటూ ఆయన పక్కకు పోయి ఎవరికో ఫోన్ చేశాడు. "ఇస్తలేదు... గాదు, కాయిదా మాట్లాడుతున్నది... నాతోని గాదు." తల గోక్కుంటూ తిరిగొచ్చి తాళం ఆమె చేతిలో పెట్టాడు. "పో బిడ్డా. నాకెందుకచ్చిన లొల్లి."

"మా నాయినకు జెప్పుండ్రి," అంది లహరి. "నన్నడగకుంట నా ల్యాప్‌టాప్ ఎవ్వలు తెరవలేరని."

దేవిదాస్ తెల్లబోయి చూశాడు.

"మీ నాయిననా? ఆయనెవరో నాకేం ఎరుక?"

ఆ మాట ఏమిటో ఆమె బుర్రకెక్కేలోపే ఆయన మోటార్‌సైకిలెక్కి పోయాడు. లహరి ఫోన్ మోగింది. నితీశ్. ప్రాణం లేచొచ్చినట్టయింది ఆమెకు. పాపం, రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద ఎదురుచూస్తూ ఉంటాడు. అతని కోసం ఎంత కొట్లాడిందో మొత్తం చెప్పాలని ఫోన్ చెవికి ఆనించుకుంది.

ఆమె నోరు తెరవకముందే నితీశ్ అడిగాడు:

"మా దేవిదాస్ మామకు ల్యాప్‌టాప్ సూపియ్యలేదంట గదా. గంతగనం దాసిపెడ్తున్నవంటె అందుల ఇంకెవడున్నడు, లహరీ?"