తేలితే నేనే ఇంటికెళ్తా

పడవ ప్రయాణికుల కోసం కుట్టిన లైఫ్ జాకెట్టు, కంపెనీ తొట్టిలో వేయగానే బుడగలు వదులుతూ అడుక్కి దిగిపోయింది.

కుట్టిన సరుకు పరీక్షించే చెకింగ్ అక్క దాన్ని బయటికి లాగింది. ఓనరుకు చెబితే నోర్మూసుకోమన్నాడు. ఆమె నేరుగా లేబరాఫీసుకు ఫోన్ కొట్టింది. మర్నాడు ఆఫీసరమ్మ వచ్చేసరికి ఓనరు చిందులు తొక్కుతున్నాడు.

"మా సరుకు బంగారం. అబద్ధాలాడే ఈవిడ ఉద్యోగం ఇవాళ్టితో సరి."

"అలా కుదరదండీ. కొత్త చట్టం ప్రకారం ఆవిణ్ణి తీసెయ్యాలంటే ఆ ఫిర్యాదు అబద్ధమని మీరే రుజువు చెయ్యాలి," అంది ఆఫీసరమ్మ.

రుజువు భారం తనదేననుకుని రాత్రంతా హడలిపోయిన అక్కకు ఒళ్లు దూదిపింజలా తేలికైపోయింది. కుప్పలోంచి ఇంకో జాకెట్టు లాగి, ఓనరుకు తొడిగి బకిల్ బిగించేసింది.

"పదండి సార్, వెనకాలే కాలవ. దూకండి. మీరు తేలితే నేనే ఇంటికెళ్తా."

కుట్టుమిషన్లన్నీ ఆగి, కిసకిసలు మొదలయ్యాయి. ఆఫీసరమ్మ పెదవి కొరుక్కుంది.

ఓనరు గట్టుదాకా బింకంగానే నడిచాడు. నీళ్లకేసి చూశాక బకిల్ ఊడక పెనుగులాడుతూ అన్నాడు:

"వద్దు తల్లీ, నాకు ఈత రాదు. ఇందులో నేను కుక్కించింది పాత పరుపుల దూది."